మింగేసిన ముక్క

స్పానిష్ భాష నాకు వచ్చు. వచ్చంటే ఏదో నాలుగు మాటలు కూడబలుక్కోవడం కాదు. ఆ భాషలోనే పుట్టి, ఆ భాషే పిల్లలకు చెప్పి జుట్టు నెరిసిన ఒక పంతులుగారు నా ఉచ్చారణ విని మా ఇంటి మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. మా ఊరి బడిలో నేను చదివింది అయిదో తరగతి. అదీ ఆ గది తలుపుకు గడియ లేదు కాబట్టి లోపలికి వెళ్లగలిగాను గానీ, ఉంటే నాలుగుతోనే ఆగిపోయేవాణ్ని.

నా పని బరువులు ఎత్తడం. ఫ్యాక్టరీల్లో యంత్రాలు, దుకాణాల్లో ఇనప్పెట్టెలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే ముఠాకు నేను మేస్త్రిని. ఒకసారి అచ్చు యంత్రం ఒకటి పై అంతస్తుకు ఎక్కించాక, తప్పు ఇంట్లో ఎక్కించామని తెలిసింది. దాన్ని మళ్లీ ఎవరు దించుతారని, ఇంటినే ఎత్తి పక్క వీధిలో పెట్టాం. ఆ ఇంటివాళ్లు మధ్యాహ్నం కునుకులో ఉన్నారు, లేవను కూడా లేవలేదు.

ముఠాలో మేస్త్రి పని కేక వెయ్యడం. కేకను ముక్కలుగా విరవాలి. ఏ ముక్క మీద అందరూ ఒక్కసారిగా ఎత్తాలో అది అందరి ఒంటికీ తెలిసుండాలి. వేరే ముఠాల్లో మేస్త్రి పక్కన నిలబడి ఆ ముక్కను గట్టిగా అరుస్తాడు. మా దగ్గర మేస్త్రి కూడా ఒక మూల పట్టాల్సిందే. నోరు తెరిచి బరువు ఎత్తితే నడుము పట్టేస్తుంది. అందుకని మిగతా ముక్కలన్నీ పలికి, ఎత్తే ముక్క దగ్గర మాత్రం గుక్క బిగబట్టి నోరు మూసేసేవాణ్ని. నా నోరు మూతపడిందంటే బరువు లేవాలన్నమాట. నన్ను అందరూ గుక్క మేస్త్రి అనేది అందుకే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగిన గొడవంతా దీనివల్లే.

ఇప్పుడు నా నోట్లో ఉన్న పళ్లు మా కోడలు చేసినవి. అంటే నేను కోసే కోతల్లో సగం పాపం ఆ పిల్లదే. పళ్ల సెట్లు చేసే చిన్న వర్క్‌షాపులో తన ఉద్యోగం. ఎవరి నోటి అచ్చో ప్లాస్టరులో పోసుకుని, దాని మీద మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చివరికి చిన్న చక్రం మీద మెరుగు పెడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద తెల్లటి పొడి ఉంటుంది. ఆ చక్రం ఒకప్పుడు చెడిపోతే బాగుచెయ్యడానికి వెళ్లినవాడు మావాడు. వాడు లేతు మిషను మీద పనివాడు. ఒక బోల్టు బిగిస్తే అయిపోయే పనికి రోజూ వెళ్లి వస్తుంటే మా ఇంటావిడకు అనుమానం వచ్చింది. పెళ్లితో ఆ చక్రం బాగుపడింది.

మన భాష ఆ పిల్ల మావాడి దగ్గరా మా ఇంటావిడ దగ్గరా నేర్చుకుంది. అందుకే ముద్దుగా మాట్లాడితే వాడిలా ఉంటుంది, కోప్పడితే ఆవిడలా ఉంటుంది. తన సొంత భాష మాత్రం స్పానిష్. వాళ్ల నాన్న, అంటే మా వియ్యంకుడు, ఆ భాష చెప్పే బడిపంతులు. కూతురు తన బడిలోనే, తన పక్క గదిలోనే పాఠాలు చెప్పాలని ఆయన ఆశ. ఆ పిల్ల పళ్ల పని నేర్చుకుని సముద్రం దాటి వచ్చేసింది. వచ్చి మాలాంటివాళ్ల ఇంట్లో పడింది. పెళ్లికి ఆయన రాలేదు. తల్లి మాత్రం ఫోన్లో మాట్లాడేది.

ఆ తల్లి పోయాక ఫోను ఆయనే తీస్తున్నాడు. తీసి చెవి దగ్గర పెట్టుకుంటాడు గానీ ఒక్క మాట అనడు. ఊపిరి మాత్రం వినిపిస్తుందట. ఈ పిల్ల ఇక్కణ్నుంచి చెప్పుకుంటూ పోతుంది, ఏం వండింది, ఎవరికి పళ్లు కట్టింది, అత్తయ్య మోకాలు ఎలా ఉంది, మామయ్య కొత్తగా ఏం కోతలు కోశాడు. వానలో తడిసినవాడు చూరు కిందికి పరిగెత్తినట్టు ఒక మాట నుంచి ఇంకో మాటకు. కాసేపటికి అటువైపు టక్కుమంటుంది. పైగదిలోంచి దిగివచ్చే ఆ పిల్ల మొహం చూడలేక నేను గోడ గడియారానికి తాళం తిప్పుతూ నిలబడేవాణ్ని. ఆ గడియారం పాడవడానికి కారణం ఇదని ఇప్పటిదాకా మా ఇంట్లో తెలియదు.

అలా ఉండగా ఒక ఆదివారం ఆ పిల్ల మేనత్త ఫోన్ చేసింది. మీ నాన్న వస్తున్నాడు, మీ అమ్మ కుట్టు మిషను నీకే చెందాలందిట, అది స్వయంగా తెచ్చి ఇస్తాడట, అని చెప్పింది. హోటల్లో గది కూడా మాట్లాడుకున్నాడట. మిషను అప్పగించి మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం.

ఆ పిల్ల వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చేతిలో ఎవరివో కింది పళ్లు. వాటిని తుడుస్తూ అంది, “మామయ్యా, ఆయన మిషను దింపేసి వెళ్లిపోతాడు. నా వైపు చూసి ఒక్క మాట కూడా అనడు. ఎదురుగా నిలబడి కూడా మాట్లాడకపోతే, ఇంక నేను ఫోన్ చెయ్యలేను. నావల్ల కాదు.”

“వియ్యంకుడు గుమ్మంలోకొచ్చి మాట్లాడకుండా పోతాడా? నేను మాట్లాడిస్తాను. ఆయన భాషలోనే మాట్లాడిస్తాను.”

వంటింట్లోంచి మా ఇంటావిడ, “మన భాషను చేసింది చాల్లేదా, ఇంకో భాష మీద పడ్డారా?” అంది.

మర్నాటి నుంచి పాఠాలు. నాకు తెలిసిన మాటలే ఏరి చెబుతానంది. టెలిఫోను, మ్యూజిక్కు, థియేటరు, ప్రాబ్లెము, మిషను. ఇవన్నీ అసలు ఎప్పటివో గ్రీకువాళ్ల మాటలట. ఇరుగుపొరుగువాళ్లు నిచ్చెన అడిగి పట్టుకుపోయినట్టు లోకంలో తలొకరూ పట్టుకుపోయి మళ్లీ తెచ్చివ్వలేదు. అలా తిరిగి తిరిగి మన వీధికీ వచ్చాయి, వాళ్ల వీధికీ వెళ్లాయి. సరుకు ఒకటే గానీ విరిచే చోటు వేరు, నొక్కే చోటు వేరు.

విరవడంలోనే నాకు మొదటి దెబ్బ తగిలింది. రెండు అచ్చులు పక్కపక్కన కూర్చుంటే మన నోరు ఓర్చుకోలేదు, మధ్యలోకి యకారాన్నో వకారాన్నో తోస్తుంది. కవిని వాళ్లు పొ-ఏ-త అంటారు. మూడు ముక్కలు, మధ్యలో ఎవరూ దూరకూడదు. నేను పొయేత అన్నాను. థియేటరు తె-ఆ-త్రొ. తెయాత్రొ అన్నాను. సముద్రం ఒ-సే-అ-నొ, నాలుగు ముక్కలు. నేను గొంతెత్తి ఒసేయనొ అనేసరికి వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కాపరానికొచ్చి ఇన్నేళ్లయినా నన్ను ఒసేయ్ అనని మనిషి ఇవాళ అన్నాడేమిటని మా ఇంటావిడ గుమ్మంలో నిలబడింది. సముద్రాన్ని పిలిచానని చెప్పినా వినలేదు. ఆ రాత్రి కూరలో ఉప్పుకు సముద్రంతో సంబంధం ఉందని నా అనుమానం.

ఇక నొక్కడం. వాళ్ల మాటలు మామూలుగా చివరి నుంచి రెండో ముక్క మీద బరువు వేస్తాయట. ప్రొ-బ్లే-మ అన్నట్టు. ఈ గ్రీకు సంతానంలో చాలావరకు మాత్రం ఒక ముక్క ముందుకు జరిగి కూర్చుంటాయి. తె-లే-ఫొ-నొ. మూ-సి-క అంటే పాట. మా-కి-న అంటే మిషను. ప్రో-తె-సిస్ అంటే నా నోట్లో ఉన్నది. అలా జరిగి కూర్చున్న ముక్క నెత్తిన రాతలో చిన్న గీత గీస్తారు. ఎక్కడ పట్టి ఎత్తాలో మేము సుద్దముక్కతో గుర్తుపెట్టుకునేవాళ్లం, అచ్చం అలాగే. ఇది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఇది మన పనే అనుకున్నాను.

“తె,” అన్నాను. భుజాలు పైకి లేచాయి, నోరు బిగుసుకుంది. “ఫొ-నొ.”

ఆ పిల్ల నా వైపు చూసింది. “మామయ్యా, అసలైన ముక్కే మింగేశారు.”

“బరువున్న చోట నోరు మూసుకోవాలమ్మా.”

“ఇక్కడ బరువున్న చోటే నోరు తెరవాలి.”

మళ్లీ అన్నాను, మళ్లీ మింగాను. మూ-సి-క అంటే వట్టి సి-క మిగిలింది. మా-కి-న అంటే కి-న. నా పళ్లు తనే చేసింది కాబట్టి లోపం ఎక్కడైనా ఉందేమోనని నా నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసింది. లోపల అంతా సరిగానే ఉంది. మరి నోట్లో కూర్చున్న గుక్క మేస్త్రిని బయటికి తీయడం ఎలా? ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది, బల్ల మీద తల ఆనించి మరీ నవ్వింది. తల్లి పోయాక ఆ నవ్వు ఇంట్లో వినపడడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు మాటలు కావాలనే మింగాను.

అలా మింగుతుండగా ఒకసారి, నేను తె అని గుక్క పట్టగానే, ఆ పిల్ల తనకు తెలియకుండానే “లే” అంది. మెల్లగా, చిన్నపిల్ల గొంతుతో. అనేసి ఆగిపోయింది. లేచి మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. మా ఇంటావిడ వచ్చి నా వైపు గాజు గిన్నె పగలగొట్టినవాణ్ని చూసినట్టు చూసింది. నేనేం చేశానో నాకూ తెలియలేదు.

అన్న రోజుకే పంతులుగారు వచ్చాడు. పొడుగ్గా, కర్రకు కోటు తొడిగినట్టుగా ఉన్నాడు మనిషి. వెనక సామాన్ల బండిలో చెక్కల మధ్య మిషను. మావాడికి చెయ్యి అందించాడు. మా ఇంటావిడకు తల వంచాడు. కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చెప్పుల దాకా చూసి, అక్కణ్నుంచి చూపు గోడ మీదికి మార్చుకున్నాడు. ఆ పిల్ల నోరు తెరిచి ఏదో అంది. ఆయన మావాడి వైపు తిరిగి, మిషను ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. ఆయన భాష మావాడికి ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది.

ఇదే అదను అని నేను ముందుకొచ్చి నా స్వాగతోపన్యాసం ఇచ్చాను.

ఇక్కడ ఒక చిన్న సవరణ. మొదట్లో స్పానిష్ వచ్చన్నాను కదా. వచ్చింది అరడజను మాటలు. అవి టెలిఫోను, పాట, థియేటరు, కవి, సముద్రం, ప్రాబ్లెము. వాటిని వరసగా అంటించాను, అదే ఉపన్యాసం. పైగా ఒక్కటీ పూర్తిగా రాలేదు. ప్రతి మాటకూ నడిమి ముక్కో ముందు ముక్కో కడుపులోకి పోయింది, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. పంతులుగారు చివరిదాకా శ్రద్ధగా విని, మావాడితో, మీ నాన్నగారికి పంటి నొప్పి ఎన్నాళ్లనుంచి అని అడిగాడు. పళ్లు కట్టిన కోడలు సిగ్గుతో ఎర్రబడింది.

పంటి నొప్పి సంగతి అలా ఉండగా బండివాడు మిషను మెట్ల దగ్గర దింపి చక్కా పోయాడు. పాతకాలపు మిషను. ఇనప కాళ్లు, కింద తొక్కుడు పలక, పైన మందపాటి బల్ల. ఏనుగు గున్నంత బరువు, తొండం ఒక్కటే తక్కువ. మా మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. పై భాగం విప్పి విడివిడిగా తీసుకెళ్దామని మావాడు స్పానరు తెచ్చాడు. పంతులుగారు మిషను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తన భార్య దాన్ని ఏనాడూ విప్పనివ్వలేదట.

సరే, అలాగే ఎత్తాలి. కింద నేనూ మావాడూ, పైవైపు ఆయనా ఆయన కూతురూ. తండ్రీ కూతుళ్ల మధ్య మిషను బల్లంత దూరం. పైమెట్టు మీద మా ఇంటావిడ తలుపు పట్టుకుని నిలబడింది. మొదటిసారి ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఎత్తారు. మిషను గోడకు గుద్దుకుంది, గోడ సున్నం మావాడి నెత్తిన రాలింది. మొరాయించిన ఎద్దు అదిలించినా కదలనట్టు అది ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

దాంతో నాలోని మేస్త్రి లేచాడు. కేక కావాలి. అందరికీ తెలిసిన కేక కావాలి. మా పాత కేకలు ఆయనకు తెలియవు. చేతుల్లో ఉన్నదాని పేరే కేకగా పనికొస్తుందని తోచింది. మా-కి-న. మెట్లకు అంతకన్నా మంచి మాట లేదు. మొదటి ముక్కకు ఎత్తాలి, తర్వాత రెండు ముక్కల్లో కాళ్లు సర్దుకోవాలి.

గుక్క బిగబట్టాను. “కి-న,” అన్నాను.

ఎవరూ కదల్లేదు. మళ్లీ బిగబట్టాను. “కి-న.”

పంతులుగారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. తల లేని మాటను ఆయన ఎప్పుడైనా భరించి ఉంటాడా? మూడోసారి నేను గుక్క పట్టగానే ఆయన నోటి నుంచి వచ్చేసింది, తరగతి గది చివరి బెంచీ దాకా వినపడేలా.

“మా.”

మిషను లేచింది. కి-న అన్నాను, మెట్టు మీద ఆనింది. మళ్లీ గుక్క. మళ్లీ ఆయన “మా.” ఇంకో మెట్టు. అలా మలుపు దాకా వచ్చాం. అక్కడ నేను గుక్క పడితే ఆయన అనలేదు. మరిచిపోయాడేమోనని చూశాను. మరిచిపోలేదు. తల ఎత్తి, మిషను మీదుగా కూతురి మొహంలోకి చూస్తున్నాడు. పొద్దుట్నుంచి మొదటిసారి చూడడం. నేను పట్టిన గుక్క వదల్లేదు, ఆయన నోరు విప్పలేదు. పాఠం చెప్పేవాడు జవాబు కోసం ఆగినట్టు ఆగాడు.

“మా,” అంది ఆ పిల్ల.

మిషను లేచి మలుపు తిరిగింది. మేము ఎత్తామో అది దానంతట అదే తిరిగిందో నేను చెప్పలేను. నాకు ఒక్క రవ్వ బరువు తెలియలేదు. ఆపై మెట్లన్నీ ఆ పిల్ల గొంతు మీదే ఎక్కాం. చివరి మెట్టు మీద పంతులుగారు గోడకు జారబడి కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. కన్నీళ్లు ఆయన కోటు మీద టపటపా పడ్డాయి.

సంగతి తర్వాత కోడలే చెప్పింది. తరగతిలో ఆయన మాటను ముక్కలు చేసి చెప్పేటప్పుడు బరువున్న ముక్క తను అనడట. ఖాళీ వదిలి పిల్లల వైపు చూస్తాడట. ఆ ముక్క నింపినవాడికి మాట వచ్చినట్టే. ఇంట్లోనూ అంతే. తల్లి ఇదే మిషను తొక్కుతుంటే, కింద చాప మీద కూర్చున్న ఈ పిల్ల, ఆ తొక్కుడు చప్పుడు మీద తండ్రి వదిలిన ముక్కలు నింపేది. ఆ ఖాళీలు వాళ్లింట్లో అలా ఉండేవి. నేను నడుము నొప్పికి భయపడి నోరు మూసుకుంటే, ఆయన నేనూ తనలాగే పాఠం చెబుతున్నాననుకున్నాడు.

మిషనును పైగదిలో కిటికీ దగ్గర పెట్టారు. మేము బయటికి రాబోతుంటే ఆ పిల్ల తండ్రిని ఏదో అడిగింది, ఆయన జవాబు చెప్పాడు. మావాడు తనకు అందినంతవరకు గుమ్మంలో నా చెవిలో అప్పటికప్పుడు తర్జుమా చేశాడు.

“ఇన్నాళ్లూ ఫోన్లో నాతో ఒక్క మాటైనా అనాలనిపించలేదా నాన్నా?”

“నువ్వెక్కడ ఖాళీ ఇచ్చావు తల్లీ?”

ఆ పిల్ల మళ్లీ ఏదో చెప్పబోయి ఆగింది. ఈసారి నోరు మూసుకుని ఊరుకుంది. మా ఇంటావిడ నా చొక్కా పట్టుకుని లాగుతోంది గానీ నా కాళ్లు రావడం లేదు. చాలాసేపటికి ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. మిషను బల్ల మీద వేలితో రాస్తూ, తడబడుతూ, ఆగుతూ మాట్లాడాడు. ఏమన్నాడని మావాణ్ని అడిగాను. వాడు తలుపు దగ్గరగా వేసి, “పదండి నాన్నా,” అన్నాడు.

ఆ రాత్రి హోటలు గది ఖాళీగా ఉండిపోయింది. మర్నాటి ప్రయాణం ఆయన ఎప్పటికి మార్చుకున్నాడో అడిగినవాళ్లు లేరు. ఉన్నన్నాళ్లూ పొద్దున్నే నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి తె-లే-ఫొ-నొ చెప్పాడు. ఆయన ఖాళీ వదులుతాడు, నేను మింగుతాను. ఇద్దరం నోరు మూసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, ఆ ముక్క పాపం ఎవరికీ చెందక బల్ల మీద పడి ఉండేది. నేను ఆయనకు బావగారూ అనడం నేర్పాను. బా-వ-గా-రూ అని విరిచి, మూడో ముక్క మీద కూర్చుంటాడు. వియ్యంకుడి నోట ఆ పిలుపు వింటుంటే మనం పెద్దమనుషులమేమో అనిపిస్తుంది.

ఇప్పుడు పైగదిలో ఫోన్ మోగితే నేను గడియారం జోలికి పోను. మెట్ల కింద నిలబడి వింటాను. ఆ పిల్ల నాలుగు మాటలు అంటుంది, ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ పైన ఏమీ వినపడదు. తర్వాత ఫక్కున నవ్వుతుంది.

ఇక మా ఇంటావిడ ఇది చదవకముందే ఒకటి ఒప్పుకోవడం మంచిది. ఇల్లు ఎత్తి పక్క వీధిలో పెట్టడం నిజం, కావాలంటే ఆ వీధిలో అడగండి. పంతులుగారి కన్నీళ్లు మాత్రం నేను కల్పించినవి. ఆయన కళ్లు పొడిగానే ఉన్నాయి, నుదుటి చెమట తుడుచుకున్నాడంతే. మెట్ల మీద కూలబడి తువ్వాలు మొహాన కప్పుకున్నవాడు వేరే ఉన్నాడు. గోడ సున్నం కంట్లో పడిందని చెప్పాడు. సున్నం మావాడి నెత్తిన కదా రాలింది అని మా ఇంటావిడ ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటుంది.